చెయ్యని సంతకం

"నాకు వేరే కేసు ఇవ్వండి సార్," అంది కుముదిని, ఫైలు మూసి.

ప్రొఫెసర్ శేషాద్రి నవ్వాడు. సోషల్ వర్క్ చదువుకు వచ్చిన పిల్లలందరూ పిచ్చాసుపత్రి గేటు దాటగానే అనే మాటే అది.

"భయం రెండు వారాల్లో పోతుంది. క్లాసులో తెలుగు వచ్చినదానివి నువ్వొక్కదానివే. ఈ కేసు నీదే."

కేసు పేరు వరదలక్ష్మి. ఊరు రాయపురం. భర్త హార్బరులో మూట మీదపడి పోయాడు. ఆ దిగులుతో మతి చెడింది. అన్న గోపాలయ్య తెచ్చి చేర్పించాడు. మళ్ళీ ఆ వైపు రాలేదు. ఫైల్లో బంధువుల పేజీ పదేళ్ళ కిందటిది. ఒక కూతురు ఉందని మాత్రం రాసి ఉంది.

జబ్బు ఎప్పుడో తగ్గింది. బియ్యం ఏరుతుంది. తోటి ఆడవాళ్ళకు తల దువ్వుతుంది. మాట్లాడదు, అంతే. డాక్టరు ఒక మాట చెప్పాడు. ఆమె నోరు విప్పి, అయినవాళ్ళెవరైనా వచ్చి సంతకం పెడితే ఇంటికి పంపిస్తాం. నెలాఖరు దాకా చూస్తాం. కొత్తవాళ్ళకు మంచాలు కావాలి. ఆ తర్వాత వెనక వార్డే.

వెనక వార్డు నుంచి ఇంటికి పోయినవాళ్ళు లేరు.

ఆయా మునెమ్మ వరండాలో బెంచీ వేసింది.

"పదేండ్లుగా అరవంలో అడిగినా, తెలుగులో అడిగినా. పలకదు. నీకు మాత్రం కచేరీ చేస్తాదా అమ్మా?"

వరదలక్ష్మి వచ్చి కూర్చుంది. కుముదిని ముఖంలోకి చాలాసేపు చూసింది.

"అన్నం తిన్నావా?" అంది.

మునెమ్మ చేతిలోని చీపురు జారింది. వెనకాల నిలబడి ఉన్న శేషాద్రి ఒక అడుగు ముందుకు వేశాడు. వరదలక్ష్మి ఆయన వైపు ఒకసారి చూసి, కొంగు సర్దుకుంది.

"తిన్నారా, టీచరమ్మా?"

ఆ రోజు నుంచి ప్రతి గురువారం కుముదిని వచ్చేది. ప్రశ్నల కాగితం చూసి అడిగేది. తల ఎత్తేది కాదు. వరదలక్ష్మి అన్నిటికీ జవాబు చెప్పేది. మధ్యలో తానూ అడిగేది.

"ట్రాములో వచ్చినారా?"

"ట్రాములు ఆపేసినారు. బస్సులో వచ్చినా."

ఒకసారి కుముదినికి దగ్గు వచ్చింది.

"కుండలో నీళ్ళు తాగబాకండి. మీకు పడవు. మిరియాలు వేసి కాచి తాగండి."

"పెద్ద డాక్టరమ్మ," అంది మునెమ్మ. "రోగం ఎవురికి, మందు ఎవురికి."

మూడో గురువారం వరదలక్ష్మే ఆ మాట ఎత్తింది.

"మా ఇంటికి పోయి అడుగుతారంట గదా. మునెమ్మ చెప్పింది."

"ఊఁ. ఇంటివాళ్ళను కలవాల. అది మా చదువులో ఒక పని."

"మా అన్నను అడగబాకండి. మా బిడ్డను అడగండి. అమ్మను పిల్చుకొని పోతావా అని. ఒక మూల పండుకుంటా. వచ్చేవాళ్ళకు కనపడను. వంటమనిషని చెప్పుకున్నా సరే."

కుముదిని రాసుకుంది.

"రాసినారా?"

"రాసినా."

"వంటమనిషి మాట రాసినారా?"

"రాసినా."

తర్వాతి గురువారం బెంచీ వెయ్యకముందే వరదలక్ష్మి వచ్చి నిలబడింది.

"కనపడిందా?"

"కనపడింది."

"ఎట్లుంది?"

"బాగుంది."

"చదువుకుంటా ఉందా?"

"ఉంది."

"నన్నడిగిందా?"

కుముదిని పెన్ను మూత కోసం బెంచీ కింద వెతికింది. మూత పెన్ను వెనకాలే ఉంది.

నెలాఖరు వచ్చింది. వరదలక్ష్మి పొద్దున్నే తలంటుకుంది. రెండు చీరలు, ఒక దువ్వెన మూట కట్టి ఒళ్ళో పెట్టుకుంది. వరండాలో శేషాద్రి కుర్చీలో కూర్చుని, చదవమన్నాడు.

కుముదిని కాగితం విప్పింది.

"రోగి కూతురిని కలిశాను. ఆమెకు పెళ్ళి కుదిరింది. తల్లి చనిపోయిందని అవతలివాళ్ళకు చెప్పి ఉన్నారు. తల్లిని ఇంటికి తీసుకుపోవడానికి ఆమె ఒప్పుకోలేదు. సంతకం చెయ్యనంది."

శేషాద్రి నిట్టూర్చాడు. వరదలక్ష్మి మూట మీద చేతులు తియ్యలేదు.

"చెయ్యనందా?"

"చెయ్యనంది."

"వంటమనిషి మాట చెప్పినారా?"

"చెప్పినా."

"ఇంకొకసారి అడగండి, టీచరమ్మా."

కుముదిని కాగితాన్ని నాలుగు మడతలు పెట్టింది. మళ్ళీ విప్పింది.

"ఎన్నిసార్లు అడిగినా అదే మాట."

వరదలక్ష్మి తల ఊపింది.

శేషాద్రి లేచాడు. "కేసుతో బంధం పెట్టుకోకూడదు. మన చదువులో అదే కష్టమైన పాఠం. నువ్వు నాలుగు వారాల్లో నేర్చుకున్నావు. ఈ రిపోర్టు క్లాసుకంతా చదివి వినిపిస్తాను."

కుముదిని ఫైలు గుండెలకు ఆనించుకుని గబగబా వరండా మెట్లు దిగసాగింది.

మునెమ్మ మూట అందుకుంది. వెనక వార్డు తాళం ఆమె కొంగుకే ఉంది.

"అది కూతురా, బండరాయా? కన్నతల్లిని ఈడ వదిలేసి ఆడ పెళ్ళి చేసుకుంటాదంట. దాని కాళ్ళు పడిపోను."

"అట్లా అనబాక," అంది వరదలక్ష్మి, మెట్ల వైపే చూస్తూ. "మెల్లగా దిగమని చెప్పు మునెమ్మా, నాలుగేండ్లు వచ్చేదాకా నడవలేదు అది, నేనే చంకనేసుకొని తిరిగినా."