శతకంఠుడి జాగ్రత్త

అత్తగారిని ఫోన్లో మోసం చేయడానికి శతకంఠుడు గొంతు సవరించుకున్నాడు.

శతకంఠుడన్నది అతను తనకు తానే ఇచ్చుకున్న బిరుదు. వృత్తి మిమిక్రీ. పెద్దమనుషుల దగ్గులు, రైలు కూతలు, కుక్కల పోట్లాటలు, అన్నీ అరువు సరుకే. పొద్దస్తమానం ఇతరుల గొంతులు దొంగిలించి బతికే ఈ మనిషికి ఉన్నది ఒక్కటే భయం, తన వివరాలు ఎవరైనా దొంగిలిస్తారేమోనని. పేపర్లో అలాంటి వార్త కనబడితే కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించేవాడు. కరెంటు బిల్లును చింపి సగం ఒక చెత్తబుట్టలో, సగం ఇంకో చెత్తబుట్టలో వేసేవాడు.

"ఇన్నేళ్లుగా స్టేజీ ఎక్కుతున్నా మీకు గుర్తింపే రాలేదు. రానిదాన్ని ఎవరెత్తుకుపోతారండీ?" అనేది భార్య.

"గుర్తింపు లేకపోతేనేం, ఖాతా ఉందిగా," అనేవాడు.

ఉంది. ఎల్లుండి కట్టాల్సిన కొత్త ఇంటి అడ్వాన్సులో సగం అతని ఖాతాలో ఉంది, సగం అత్తగారి ఖాతాలో ఉంది. అతనికి నిద్ర పట్టనివ్వనిది ఆ రెండో సగం. ఆవిడ ఫోనుకు లాకు కూడా లేదు. పెట్టుకోమంటే, "తాళం వేస్తే దొంగకన్నా ముందు నేనే బయట ఉండిపోతాను బాబూ," అని నవ్వేసేది.

ఆ రోజు ఆవిడ కళ్ల డాక్టరు దగ్గరికని పొద్దున్నే బస్సెక్కి వెళ్లింది. ఇదే అదననుకున్నాడు.

"బ్యాంకు మేనేజర్లా మాట్లాడతాను. రెండు నిమిషాల్లో మీ అమ్మ మొత్తం కక్కేస్తుంది చూడు."

"కక్కకపోతే?" అంది భార్య.

"ఈ జన్మలో మళ్లీ జాగ్రత్త అన్న మాటెత్తను."

"అయితే తప్పకుండా చెయ్యండి, ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది. అన్నట్టు అమ్మకి నిన్నట్నుంచి జలుబు. గొంతు బొంగురుపోయింది, గుర్తుపట్టలేరేమో."

"గొంతుల మీద బతికేవాణ్ని. నాకా చెప్తున్నావు?"

భార్య ఆరేసిన బట్టలు తేవడానికి మేడ మీదికి వెళ్లింది. అతను ప్రోగ్రాముల కోసం వాడే రెండో ఫోను తీశాడు. ఆ నంబరు అత్తగారికి తెలియదు.

"ఎవరండీ?" అంది అవతల బొంగురు గొంతు.

"నమస్కారమండీ. బ్యాంకు మేనేజర్ని. మీ అల్లుడుగారు మీ పేరున కొంత డబ్బు వేశారు. మీ కార్డు నంబరు చెబితే జమ చేసేస్తాం."

"అల్లుడా? నాకు డబ్బు వేశాడా?"

ఆ ఆశ్చర్యం అతనికి కాస్త గుచ్చుకుంది.

"ఏ అల్లుడండీ?"

ఇది ఇంకాస్త లోతుగా దిగింది. ఆవిడకున్నది తనొక్కడే. కోపం దిగమింగి, ఇంటిపేరుతో సహా తన పేరు గంభీరంగా చెప్పాడు.

"ఓహో, ఆ అల్లుడా. మరి మీరు బ్యాంకువాళ్లేనని నమ్మకమేంటి నాయనా? ఎవర్నీ నమ్మొద్దని మా అల్లుడు మరీమరీ చెప్తుంటాడు."

శతకంఠుడి గుండె ఉప్పొంగింది. తన మాటలు ఇన్నాళ్లూ గోడకి చెప్పాననుకున్నాడు. గోడకి చెవులున్నాయన్నమాట. కానీ పందెం పందెమే.

"ఏం చెబితే నమ్ముతారమ్మా?"

"బ్యాంకైతే మీ దగ్గర అన్నీ ఉంటాయిగా. మా అల్లుడి పుట్టినరోజు ఎప్పుడు?"

చెప్పాడు. వాళ్లమ్మ పుట్టింటివాళ్ల ఇంటిపేరేమిటంది. అదీ చెప్పాడు. కార్డు నంబరడిగింది. పర్సు తీసి, పద్యం చదివినట్టు విరుపులతో చదివాడు. వెనకున్న మూడంకెలో? కార్డు తిరగేశాడు. చివర్లో జేబులోని మొదటి ఫోను కుయ్‌మంది.

"ఇప్పుడు ఆయన ఫోనుకి ఓటీపీ వచ్చుంటుంది. బ్యాంకువాళ్లకి కనబడుతుందటగా. చెప్పండి చూద్దాం."

గెలుపు అంచుల్లో ఉన్నవాడు ఆగడు. ఇతనూ ఆగలేదు.

"సంతోషం నాయనా. నువ్వు నిజంగా బ్యాంకే. చల్లగా ఉండు," అని ఆవిడ పెట్టేసింది.

బట్టల మూటతో భార్య కిందికొచ్చింది. "అమ్మ ఏం చెప్పింది?"

"ఏమీ చెప్పలేదు."

"మరి మీరు?"

శతకంఠుడు వేళ్లు మడుస్తూ పోయాడు. భార్య మూట కింద పడేసి, కుర్చీలో కూలబడి కళ్లనీళ్లొచ్చేలా నవ్వింది.

"మీ చెప్పుల సైజొక్కటి మిగిలినట్టుంది. మళ్లీ ఫోన్ చేసి అదీ చెప్పెయ్యండి. మా అమ్మ మిమ్మల్ని మొదటి మాటకే గుర్తుపట్టి ఆడుకుందండీ."

అతనికీ అప్పుడే వెలిగింది. మా అల్లుడు, మా అల్లుడు అంటూ అల్లుడినే అల్లాడించిందన్నమాట. వంద గొంతులవాణ్ని, ఉన్న ఒక్క గొంతూ జలుబు చేసిన మనిషి చిత్తు చేసింది. సిగ్గుగా ఉంది గానీ, లోపలెక్కడో కాస్త నిశ్చింతగానూ ఉంది. ఎవరికి చెప్పాడు గనక? అత్తగారికేగా. ఇంటి గుట్టు ఇంట్లోనే ఉంది. ఇంత గడుసు మనిషి ఖాతాలోని సగం గురించి ఇక బెంగే అక్కర్లేదు.

జేబులో ఫోను ఇంకో రెండుసార్లు కుయ్‌మంది. క్షమాపణ ఏ గొంతుతో చెప్పాలా అన్న ఆలోచనలో పడి దాన్ని తీసి చూడలేదు.

సాయంత్రం తలుపు చప్పుడైంది. అత్తగారు గుమ్మంలో చెప్పులు విడుస్తోంది. శతకంఠుడు లేచి నిలబడి, చాలా రోజుల తర్వాత తన సొంత గొంతుతో మాట్లాడాడు.

"ఓడిపోయాను అత్తయ్యగారూ. మధ్యాహ్నం మీకు ఫోన్ చేసిన బ్యాంకు మేనేజర్ని నేనే. మీ తెలివికి దండం. ఇకమీద మీకు జాగ్రత్తలు చెప్పను."

అత్తగారు తలొంచుకుని, బొంగురు గొంతుతో మెల్లగా అంది.

"చెప్పండి బాబూ, చెప్పాల్సిందే. మీ మాట వినక పొద్దున బస్సులోనే ఫోను పోగొట్టుకున్నాను. ఎవరో ఆడమనిషి పక్కనే కూర్చుని కొట్టేసింది."