గోళ్ళు ఎటు చూస్తున్నాయి

ఆ అడవిలో బొరియ ఇంకొకరికి ఇచ్చెయ్యాలంటే, ఇచ్చేవాళ్ళు బయటికొచ్చి, ఇంటికి వీపు పెట్టి, తడిమట్టిలో కాలిముద్ర వెయ్యాలి.

ముసలి ముంగిస మాచవ్వ గుమ్మంలో ఓ పొద్దున ముద్ర కనిపించింది. అక్క కొడుకు జగ్గడు అందర్నీ పిలుచుకొచ్చాడు. "పిన్ని బొరియ నాకిచ్చేసింది. ముద్ర ఆవిడదే. కొలుచుకోండి."

తన కాలు పట్టి వాడే నొక్కాడంటే నమ్మేదెవరు అనుకుంది మాచవ్వ.

తీర్పు చెప్పే కొంగ వంగి చూసింది. "గోళ్ళు ఇంటివైపు ఉన్నాయేంరా? లోపలికి పారిపోతున్నదాన్ని పట్టుకుని వేయించావు. బలవంతపు ముద్ర ఇక్కడ చెల్లదు."

మాచవ్వ ఒక్క గెంతు గెంతి, తోకతో ముద్ర చెరిపేసింది.

"పిన్నీ, మరి నేనెక్కడుండను?"

"వాన పడి నేల మెత్తగా ఉంది. నీది నువ్వు తవ్వుకో."