తెర మీద గుండె

"నాకు వైద్యం రాదమ్మా! ఎన్నిసార్లు చెప్పాలె?" గడపలో నిలబడి దీపిక గొంతు చించుకుంటోంది.

ఎదురుగా ఆటో. అందులో ఛాతీ పట్టుకుని, చెమటలు కక్కుతూ హన్మంతు. ధరూరు నుంచి తెచ్చారు. దారిలో దవాఖాన ఉన్నా ఆపలేదు. గద్వాలలో నేతపని చేసే గోపాలయ్య బిడ్డ గుండెల్ని బాగుచేస్తుందని, పొద్దుటి బస్సుకే హైదరాబాదు నుంచి దిగిందని విన్నారు మరి!

"గట్లనకు తల్లీ, నీ కాళ్లు మొక్కుత. జర చెయ్యి పెట్టి చూడు," హన్మంతు భార్య జమ్ములమ్మ ఏడుస్తోంది.

"నేను కంప్యూటర్ల గుండె బొమ్మ చేస్త. అది ఎట్ల కొట్టుకుంటదో లెక్కలు కడత. పరిశోధన! నాకు సూది వెయ్యడం గూడ రాదు."

ఎవరు వింటారు? పోయిన పండక్కి ఆ బొమ్మను చూసిన గోపాలయ్య "నా బిడ్డ గుండెనే చేసిందిర" అని వీధంతా చాటి వదిలిపెట్టాడాయె. ఇప్పుడు కూడా మగ్గం గుంటలోంచి లేచివచ్చి, లాప్‌టాప్ తెచ్చి అందరి ముందూ తెరిచాడు. తెర మీద గుండె ఎర్రగా, నీలంగా కొట్టుకుంటోంది.

"చూడుండ్రి! నేను ఉత్తగ చెప్తున్ననా?"

జమ్ములమ్మ ఆ బొమ్మకు దండం పెట్టింది.

"పదిమందిల నా ఇజ్జత్ తియ్యకు బిడ్డా. ఏదన్న ఒక గోలి పేరు చెప్పు," గోపాలయ్య ఆమె చెవిలో బతిమాలాడు.

దీపికకు ఒళ్లు మండింది. లాప్‌టాప్ ఠపీమని మూసింది.

"మా నాయిన మాటలు నమ్మకుండ్రి! ఆయనకేం తెల్వదు. ఇక్కడ నిలబడితే మనిషి పోతడు. దవాఖానకు నడువుండ్రి!" అని తనే ఆటో ఎక్కింది.

గోపాలయ్య తల దించుకుని లోపలికి పోయాడు.

దవాఖానలో హన్మంతు బతికాడు. ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నారు డాక్టరు. దీపిక గుండెలనిండా ఊపిరి పీల్చుకుంది. పాపం నాయిన, అంతమందిలో అంత మాట అనాల్సింది కాదు. క్షమించమని అడగాలి అనుకుంటూ తిరిగొచ్చింది.

ఇంటి ముందు మళ్లీ జనం. ఇంకెవరినో తెచ్చారు కాబోలని విసుక్కుంటూ లోపలికి అడుగుపెట్టింది.

మగ్గం పక్కన చాప మీద గోపాలయ్య. ఊపిరి లేదు. తల ఒళ్లో పెట్టుకుని తల్లి లక్ష్మీదేవమ్మ కూర్చుంది.

"అమ్మా! ఏమైంది? నాయినా!"

"మొన్నటి సంది ఛాతిల నొస్తుందంటుండె బిడ్డా. నువ్వు పోయినంక మస్తు ఎక్కువైంది. లే, దవాఖానకు పోదాం అని ఎంత మొత్తుకున్నా ఇనలె." లక్ష్మీదేవమ్మ కొంగుతో ఆయన మొహం తుడిచింది. "'గుండెను చేసిన బిడ్డ ఇంట్ల ఉండంగ ఇంకొకలకు చూపించుకుంటె నలుగురు నవ్వరా? కోపంల గట్లన్నది గని, వచ్చి నన్నైతే బాగుచేస్తది' అనుకుంట నీకోసమే కూసుండె."