కనుపాప చెప్పేసింది

మానిటర్ మీద ఆ పిల్ల కనుపాప కాఫీ సాసరంత కనిపిస్తోంది.

దక్షిణాఫ్రికాలోని నార్త్‌డేల్ బడిలో ఇందిరాదేవి ఈ మెషీను పెట్టి వారమైంది. పిల్లల చూపు ఎటు పోతుందో, కనుపాప ఎప్పుడు పెద్దదవుతుందో అది కొలుస్తుంది. బుర్ర కష్టపడితే పాప విచ్చుకుంటుంది.

విశాఖపట్నం నుంచి ఇక్కడి యూనివర్సిటీ ఉద్యోగానికి ఆమె వచ్చి మూడేళ్ళు. అంతకుముందు ఇండియన్ పిల్లలకే పరిమితమైన ఈ బడిలోకి జూలూ పిల్లల్ని రానిచ్చి కూడా ఇంచుమించు అంతే.

కుర్చీలో ఉన్నది లెషన్యా. తెలుగువాళ్ళ పిల్ల, తొమ్మిదేళ్ళది.

"ఇంట్లో తెలుగు మాట్లాడతారా?"

"అవ్వ తిట్టేటప్పుడు," అంది ఇంగ్లీషులో, నవ్వుతూ.

ఇందిరాదేవీ నవ్వేసింది. అందరు పిల్లలకూ చెప్పిన మాటే ఈ పిల్లకూ చెప్పింది.

"ఇది పరీక్ష కాదమ్మా. ఇక్కడ ఏం జరిగినా నేనెవరికీ చెప్పను."

తెర మీద నాలుగు బొమ్మలు వస్తాయి. స్పీకర్లో ఒక ఇంగ్లీషు మాట వినిపిస్తుంది. దానికి తగిన బొమ్మకు బటన్ నొక్కాలి.

లెషన్యా అన్నీ తప్పే నొక్కింది.

మానిటర్ మీద మాత్రం ఇంకోటి నడుస్తోంది. మాట వినపడగానే చూపు సరైన బొమ్మ మీద వాలుతోంది. కనుపాపలో చలనం లేదు. ఆ తర్వాత చూపు నెమ్మదిగా పక్క బొమ్మకు జరుగుతోంది. అప్పుడు విచ్చుకుంటోంది కనుపాప, తప్పు బటన్ నొక్కేదాకా.

ఇంత స్పష్టంగా ఇందిరాదేవి ఎన్నడూ చూసి ఎరగదు. ఒళ్ళు ఝల్లుమంది.

అప్పుడే హెడ్మాస్టరు లయొనెల్ నాయుడు తలుపు తోసుకుని వచ్చాడు. ఆమె ఆగలేకపోయింది.

"ఇలా చూడండి సార్. ఈ పిల్లకు అన్నీ తెలుసు, కావాలనే తప్పు నొక్కుతోంది. వేలు అబద్ధమాడుతుంది గానీ కన్ను ఆడలేదు."

ఆయన వంగి చూశాడు.

"అయితే పోయినవారం పరీక్షలోనూ ఇదే పని చేసిందన్నమాట. అనవసరంగా బీలో వేశాను." లెషన్యా తల నిమిరి వెళ్ళిపోయాడు.

పిల్ల ముఖం పాలిపోయింది.

"బీ అంటే ఏమిటమ్మా?"

"సోమవారం నుంచి మా క్లాసు రెండు చేస్తారు మ్యామ్. ఇంగ్లీషు వచ్చినవాళ్ళు ఏ. రానివాళ్ళు బీ."

తలుపు వైపు చూసి అంది.

"నొముసా బీ."

నొముసా పొద్దున లెషన్యా చెయ్యి పట్టుకుని వచ్చి ఇదే కుర్చీలో కూర్చున్న జూలూ పిల్ల. ప్రతి మాటకూ కనుపాపలు పూర్తిగా విప్పార్చుకుని, అయినా సగం తప్పులు చేసిన పిల్ల.

"ఎవరికీ చెప్పనన్నారు," అంది లెషన్యా. ఏడవలేదు.

ఇందిరాదేవి హెడ్మాస్టరు గదికి పరుగులాంటి నడకతో వెళ్ళింది.

"సార్, అది నేను చెప్పకుండా ఉండాల్సింది. నేను చెప్పింది పట్టించుకోకండి."

"కన్ను అబద్ధమాడదని మీరే అన్నారు కదా డాక్టర్?" ఆయన నవ్వాడు. "ఎందుకలా అయిపోతున్నారు? పిల్లకు మేలే చేశారు. వాళ్ళమ్మకు తెలిస్తే మీకు దండం పెడుతుంది."

ఆమె ఇంకేదో అనబోయి, ఆయన ఇచ్చిన టీ తాగి వచ్చేసింది.

సోమవారం ఏ సెక్షన్‌ను మేడ మీద, బీ సెక్షన్‌ను కింద కూర్చోబెట్టారు. ఎవరిది ఏ సెక్షనో కిటికీలోంచి పిల్లల ఒంటి రంగు ఒక్కసారి చూస్తే తెలిసిపోతోంది.

ఆ వారంలోనే రెండో విడత మొదలైంది. మేడ మీద నుంచి లెషన్యాను పిలిపించారు.

"గుడ్ మార్నింగ్ మ్యామ్."

చెప్పినట్టే వచ్చి, చెప్పినచోటే కూర్చుంది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

గట్టిగా కళ్ళు మూసుకుంది.

తెర మీద బొమ్మలు వస్తున్నాయి, పోతున్నాయి.

కళ్ళు తెరువమ్మా అనడానికి ఇందిరాదేవికి నోరు రాలేదు.