ఏడు కొమ్ముల నక్షత్రం

"కనపడలేదండీ. చూసుకోలేదు."

పోయిన ఏడాది, ఏలూరులో ఖాదర్ బట్టల కొట్టు ముందు గోపీచంద్ అన్న మాటలివి. కొట్టుకి అడ్డంగా పెట్టిన కారు కాస్త తియ్యమన్నాడు ఖాదర్. గోపీచంద్ విసురుగా కారెక్కి, అద్దంలో ఖాదర్‌ని చూశాడు. అదే అద్దంలో ఖాదర్ కూడా అతని కళ్ళు చూశాడు. ఆ తర్వాతే కారు వెనక్కి దూకింది. మెట్టుకీ బంపరుకీ మధ్య ఖాదర్ కుడి మోకాలు నలిగిపోయింది.

బజారంతా యాక్సిడెంటంది. పోలీసులూ అదే రాసుకున్నారు. గోపీచంద్ ఆసుపత్రికి యాపిల్ పళ్ళ బుట్ట పంపించాడు.

అప్పట్నుంచి ఖాదర్ నేలమీద కూర్చోలేడు. నమాజు కుర్చీలో చేస్తాడు. నుదురు నేలకి ఆనించలేకపోయిన ప్రతిసారీ అద్దంలోని ఆ కళ్ళు గుర్తొస్తాయి. అయినా ఎవరితోనూ ఒక్క మాట అనలేదు. బేరంలో ముందుగా నోరు విప్పడం అతనికి అలవాటు లేదు. అవతలివాడు తనంతట తాను వచ్చేదాకా ఆగుతాడు.

వచ్చాడు.

"ఖాదర్ గారూ, మా అమ్మాయి తేజశ్రీ పుట్టినరోజండీ. గణపవరంలో, మా చెరువుల పక్కన తోటలో. డెకరేషన్ గుడ్డంతా మీదే. ఈసారి మెక్సికో పద్ధతిలో చేస్తున్నాం."

గోపీచంద్ మెక్సికోలో రొయ్యపిల్లల హేచరీలో నాలుగేళ్ళు పనిచేసి వచ్చాడు. ఆ దేశం మాటెత్తితే ఇక ఆగడు.

"అక్కడ హోటల్లో మనం తింటుంటే, పక్కనుంచి పోయే ముక్కూమొహం తెలీనివాడు కూడా 'హాయిగా తినండి' అని చెప్పి పోతాడండీ. 'ఇదిగో, ఇప్పుడే' అన్నాడంటే మాత్రం అది సాయంత్రమో, రేపో, అసలెప్పటికీ కాదో చెప్పలేం."

"మా టైలర్లూ అంతేనండీ," అన్నాడు ఖాదర్.

గోపీచంద్ పగలబడి నవ్వి, ఫోన్లో ఒక బొమ్మ చూపించాడు. మట్టికుండ చుట్టూ రంగులు అంటించి చేసిన ఏడు కొమ్ముల నక్షత్రం.

"దీన్ని పిన్యాతా అంటారు. లోపల చాక్లెట్లు పోసి తాడుకి వేలాడదీస్తారు. కళ్ళకి గంతలు కట్టి, గిరగిరా తిప్పి, చేతికి కర్రిస్తారు. ఏడు కొమ్ములూ ఏడు పాపాలట. కొట్టి పగలగొట్టాలి."

"మన ఉట్టి లాంటిదే కదండీ."

"ఉట్టికి కళ్ళు కట్టరు కదా! అందులోనే ఉంది మజా. ఒకడు తాడు పట్టుకుని దాన్ని పైకీ కిందకీ లాగుతుంటాడు. ఆ పని నాదే."

"తాడు మీరే పట్టుకుంటారా?" అని ఇంకోసారి అడిగి, ఖాదర్ రంగుగుడ్డ కొలవడం మొదలుపెట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం. ఎండకి చెరువులు తళతళలాడుతున్నాయి. ఖాదర్ తోరణాలు కట్టించి, నక్షత్రాన్ని మామిడికొమ్మకి వేలాడదీయించి, ఒక కుర్చీలో కూర్చున్నాడు.

గోపీచంద్ మామిడి ముక్కల మీద ఉప్పూ కారం చల్లి, నిమ్మకాయ పిండి, మెక్సికో స్పెషల్ అంటూ అందరికీ పంచాడు.

"దీనికోసం మెక్సికో దాకా వెళ్ళావట్రా?" అన్నాడు వాళ్ళ పెదనాన్న కోదండరామయ్య.

గోపీచంద్ కేకు కొరకబోతున్న కూతురి మొహాన్ని కేకులోకి నొక్కేశాడు. అదీ అక్కడి పద్ధతేనట. ఏడవబోయిన పిల్ల, అందరూ నవ్వుతుంటే తనూ నవ్వింది.

తర్వాత పిల్లలు ఒక్కొక్కరే కర్ర పట్టారు. కళ్ళకి కట్టిన రుమాలు కిందనుంచి తొంగిచూశారు. చూసినా లాభం లేదు. దెబ్బ పడేలోగా గోపీచంద్ తాడు లాగేస్తున్నాడు.

"ఇక పెద్దవాళ్ళు రండి! ఖాదర్ గారూ, మీరే రావాలి."

"నాకెందుకు బాబూ, కుంటివాణ్ణి."

"రండి సార్, మీ పాపాలూ పోతాయి!"

అందరూ నవ్వారు. ఖాదర్ కుంటుకుంటూ లేచాడు.

"ఆ రుమాలు వద్దండీ. చెమటకి తడిసిపోయింది, దొంగచూపులకీ వీలుగా ఉంది." జేబులోంచి ఒక నల్లగుడ్డ తీసి, మడత విప్పి ఇచ్చాడు.

తారులా ఉంది నలుపు. గోపీచంద్ దాన్ని నుదుటినుంచి ముక్కు కిందదాకా లాగి, వెనక ముడేశాడు. ముఖం ముందు రెండు వేళ్ళు ఆడించాడు.

"ఇవెన్ని?"

"మూడా అండీ?"

"ఈయనకి చీకటి పడిపోయింది!" అని గోపీచంద్ అతన్ని గిరగిరా తిప్పి వదిలి, పోయి తాడు పట్టుకున్నాడు.

మొదటి దెబ్బ గాలిలో పోయింది. రెండోది మామిడి మొద్దుకి తగిలింది. "ఎడమకి! కాదు, కుడికి!" పిల్లల గోల. "పడిపోతారేమోరా, ఇక చాలించండి," అంది గోపీచంద్ తల్లి రత్నమాణిక్యం.

ఖాదర్ తూలాడు. నిలదొక్కుకున్నాడు. రెండు చేతులా కర్ర బిగించి, అడ్డంగా విసిరాడు.

కుండ పగిలినట్టే చప్పుడైంది. నక్షత్రం మాత్రం పైన చెక్కుచెదరకుండా ఊగుతోంది. కింద గోపీచంద్ కుడి మోకాలు పట్టుకుని మెలికలు తిరుగుతున్నాడు.

ఖాదర్ కర్ర పారేసి, గంతలు లాగేశాడు.

"అయ్యో బాబూ! కనపడలేదండీ. చూసుకోలేదు."

గోపీచంద్ నేలమీదనుంచి తలెత్తి అతని ముఖంలోకి చూశాడు. ఏదో అనబోయాడు.

"ఆయన తప్పేముందిరా?" అన్నాడు కోదండరామయ్య. "వద్దంటున్నా లాక్కొచ్చి, గంతలు కట్టింది నువ్వే కదా."

అవునన్నారు అందరూ.

ఆసుపత్రికి యాపిల్ పళ్ళ బుట్ట పంపమని దారిలో పళ్ళకొట్టువాడికి చెప్పి, ఖాదర్ ఏలూరు చేరాడు. భార్య రహీమున్నీసా గుమ్మంలోనే చెయ్యి చాపింది.

"ఏవండీ, అదిలా ఇవ్వండి. చెప్పకుండా ఊడదీసుకుపోతే ఎలాగండీ? రేపు నేను బజారుకెళ్ళద్దా?"

ఖాదర్ నల్లగుడ్డ ఆమె చేతిలో పెట్టాడు. ఆమె సూదిలో దారం ఎక్కించి, ఏళ్ళ తరబడి దేని వెనకనుంచి బజారులోని ప్రతి ముఖాన్నీ, ప్రతి గతుకునీ చూసుకుంటూ నడుస్తోందో ఆ పరదాని తిరిగి తన బురఖాకి కుట్టుకుంది.