దోమకాటు మీద ఫిర్యాదు

"జర ఈ బుగ్గ సూడుండ్రి మేడం," అంటూ అంబదాస్ కూతురి ముఖాన్ని కిటికీ వెలుగులోకి తిప్పాడు. "వారం దినాలు తల్లి తాన ఉన్నది. దోమ కుట్టింది. గిట్లనా పిల్లను సూసుకునుడు?"

సుమతి కళ్లజోడు సవరించుకుంది. వెతగ్గా వెతగ్గా ఎర్రటి చుక్క ఒకటి కనిపించింది.

ఎదుటి కుర్చీలో ఉన్న ఊర్మిళ అతనికేమీ తీసిపోలేదు. "మొన్న నువ్వు ఎండల సైకిల్ తొక్కనిచ్చినవ్. మొకమంత నల్లగైంది. రోజూ పెరుగు రుద్ది రుద్ది మల్ల మామూలుకు తెచ్చిన. నేనేమన్న ఫిర్యాదు వెట్టిన్నా?"

సూరత్ కోర్టులో తెలుగువాళ్ల కాపురాల కేసులు వస్తే మాట్లాడి దారికి తెచ్చే కౌన్సెలర్ సుమతి. భర్త ఊరి బయట హజీరా ఫ్యాక్టరీలో ఇంజనీరు. క్వార్టర్సులో ఊరికే కూర్చోలేక ఈ పనిలో చేరింది. ఆమె చూడని తండ్రులు లేరు. భరణం మాట ఎత్తగానే ఉద్యోగం పోయిందనేవాడు ఒకడు, పిల్లకు తన పోలికే లేదనేవాడు ఇంకొకడు. మనుషుల్ని ఒక్క చూపులో చదివేస్తానని ఆమెకు గట్టి నమ్మకం. కాదని చెప్పే ధైర్యం ఇంట్లో కూడా ఎవరూ చేయలేదు.

అలాంటి సుమతి ఈ జంట దగ్గర మెత్తబడిపోయింది.

విడాకుల కాగితాల మీద ఇద్దరూ కిక్కురుమనకుండా సంతకాలు పెట్టారు. పేచీ అంతా ఏడేళ్ల హారతి దగ్గరే. చీరలకు రాళ్లు అతికించి బతికే ఊర్మిళ, "నాకు పైసా భరణం వద్దు మేడం, పిల్లనిస్తె సాలు" అంటుంది. పొద్దంతా మరమగ్గాల మధ్య నిలబడే అంబదాస్, "ఖర్చంత నేనే వెట్టుకుంట, పిల్లను నాకియ్యుండ్రి" అంటాడు.

"ప్రేమంటే లేనివాళ్లదేనండీ," అని సుమతి ఇంటికెళ్లి భర్తతో అంది. ఆయన పేపరు దించకుండానే తలూపాడు.

ఒకరోజు హారతిని ఒక్కదాన్నే గదిలో కూర్చోబెట్టుకుని అడిగింది.

"అమ్మ దగ్గరుంటావా బంగారం, నాన్న దగ్గరుంటావా?"

"ఎవరింట్ల ఆడుకోనిస్తరు ఆంటీ?"

"ఇద్దరూ ఆడుకోనివ్వరా?"

"కింద పడ్తనంట. దెబ్బ తాకుతదంట."

సుమతి నవ్వి పిల్ల తల నిమిరింది. నూనె పెట్టి, చిక్కు తీసి, ఎంత మెత్తగా ఉంచారో ఆ జుట్టు. తన పిల్లలకు తనెప్పుడైనా ఇంత శ్రద్ధగా తల దువ్విందా అని సిగ్గుపడింది కూడా.

తీర్పు వచ్చేదాకా పిల్ల ఒక వారం తల్లి దగ్గర, ఒక వారం తండ్రి దగ్గర ఉండాలని కోర్టు మొదట్లోనే చెప్పింది. అప్పగింతలు సుమతి గది ముందు వరండాలో. ఒక సోమవారం ఊర్మిళ పిల్లను తీసుకొచ్చి కూడా చెయ్యి వదల్లేదు.

"రేపొక్కనాడు నా తాన ఉండనియ్యి."

"రేపటి మాట నీకు ముందే చెప్పిన. నడువ్ బిడ్డా," అన్నాడు అంబదాస్.

ఒక చెయ్యి అతను అందుకున్నాడు. రెండో చెయ్యి ఆమె వదల్లేదు. సుమతి గదిలోంచి పరుగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ పిల్లను చెరోవైపు గుంజుతున్నారు. ఎవరి పట్టు ముందు జారిందో తెలియదు. హారతి వెళ్లి మెట్ల పక్క ఇనుప కమ్మీల మీద పడింది.

బుగ్గ చీలిపోయింది. పెదవి చివర నుంచి చెవి దాకా కుట్లు పడ్డాయి. మచ్చ జన్మలో పోదన్నాడు డాక్టరు. ఆసుపత్రి వరండాలో ఊర్మిళ గుండెలు బాదుకుంది. "దాని మొకం మేడం, దాని మొకం," అని అదే మాట. అంబదాస్ గోడకు తల కొట్టుకున్నాడు. వాళ్లను చూసి సుమతి కూడా ఏడ్చింది. ఇక వీళ్లు ఒకరినొకరు బతకనివ్వరని భయపడింది.

వాయిదా రోజు ఇద్దరూ వచ్చి పక్కపక్కనే కూర్చున్నారు.

"ఆడివిల్ల మేడం. తల్లి తాన్నే ఉండాలె," అన్నాడు అంబదాస్, నేల చూపులు చూస్తూ.

"తండ్రి నీడ లేకుంటె ఆడివిల్ల ఎట్ల బతుకుతది మేడం? ఆయననే ఉంచుకోమనుండ్రి," అంది ఊర్మిళ.

సుమతికి అంతా అర్థమైపోయింది. పిల్ల నెత్తురు చూశాక ఇద్దరికీ కళ్లు తెరుచుకున్నాయి. బిడ్డ బాగు కోసం బిడ్డనే వదులుకోవడానికి పోటీ పడుతున్నారు. ఎంత చెప్పినా ఇద్దరిలో ఎవరూ మెట్టు దిగలేదు. చివరికి సూరత్ పక్కన జోల్వాలో ఉండే అంబదాస్ తల్లి బాలవ్వకు పిల్లను అప్పగించడానికి ఒప్పుకున్నారు. సంతకాలు ఇట్టే అయిపోయాయి. ఆ సంగతంతా సుమతి కళ్లు తుడుచుకుంటూ తన నివేదికలో రాసింది.

నెల తిరిగాక, పిల్ల ఎలా ఉందో చూద్దామని మిఠాయి పెట్టె పట్టుకుని జోల్వా వెళ్లింది. మగ్గాల షెడ్డు వెనక ఒకే ఒక్క గది. ముందు మండుటెండలో, చెప్పులు లేకుండా, హారతి ఒక్కతే తొక్కుడుబిళ్ల ఆడుకుంటోంది. ఎవరూ వద్దనడం లేదు.

"అమ్మానాన్నలు వచ్చి చూసి వెళ్తున్నారా అవ్వా?"

"ఒక్కనాడు గూడ రాలె," అంది బాలవ్వ.

"చూస్తే మళ్లీ వదల్లేమని గుండె రాయి చేసుకుని ఉంటారు. ఇంత త్యాగం నేనెక్కడా చూడలేదవ్వా."

బాలవ్వ ఆమెను ఎగాదిగా చూసింది.

"త్యాగమేంది బిడ్డా, గౌన్ల కేటలాగుల ఫోటోలకని సేట్లు మూడేండ్లసంది దీని మొకానికే పైసలిచ్చిండ్రు, కుట్లువడ్డంక వేరే పిల్లను పెట్టుకున్నరు."