హుబారా గూడు

“పిట్ట పిల్లలు ఎగిరిపోయేదాకా నీకు ఊరెళ్ళడానికి ఎగ్జిట్ వీసా లేదు దేవన్నా,” అన్నాడు తోట యజమాని.

దేవన్న కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. కరీంనగర్ ఆస్పత్రిలో భార్య ముత్తవ్వ ఇవాళో రేపో అన్నట్టుంది. కానీ యజమాని మాత్రం ఏం చేస్తాడు? సౌదీలో తాయిఫ్ అవతలి ఆ తోటలో హుబారా పిట్ట గుడ్లు పెట్టింది. అంతరించిపోతున్న జాతి. ఆ మూల దున్ననని, కాపలా పెడతానని, కాపలావాడు కూడా దూరం నుంచే చూస్తాడని వన్యప్రాణుల ఆఫీసుకు ఒప్పందం రాసిచ్చాడు. పరాయి దేశపు పనివాళ్ళ మీద సర్కారు వేసే లెవీ కట్టలేక మిగతా పనివాళ్ళను పంపేశాడు. సౌదీవాళ్ళను చాలినంతమందిని పెట్టుకోలేదని నితాకత్ లెక్కలో ఎరుపులో పడ్డాక కొత్త వీసా రాదు. కాపలాకు మిగిలింది దేవన్న ఒక్కడే.

పక్క తోట డ్రైవర్ గులాం మొహిద్దీన్‌ది నిజామాబాద్. సంగతి విని మండిపడ్డాడు.

“పిచ్చోనివా? గుడ్లు పలగ్గొట్టు. నక్క తిన్నదని చెప్పు. ఒప్పందం ఖతం, నీకు ఎగ్జిట్ పడ్తది.”

“పాపం గాదా భాయ్?”

“అక్కడ ముత్తవ్వ నీకోసం సూస్తుంటే, పిట్ట పాపం సూస్తవా?”

సాయంత్రం దేవన్న రాయి పట్టుకుని మొదటిసారి గూటి దగ్గరికి పోయాడు. పిట్ట లేవలేదు. రెక్కలు ఇంకాస్త పరిచి, నోరు తెరిచి, అతనివైపే చూస్తూ గుడ్లమీద ఒదిగింది. అతనికి చేతులు రాలేదు. ఏడుపొచ్చింది.

“కూసో తల్లీ, కూసో,” అని రాయి పారేసి వచ్చేశాడు.

ఆ సంగతంతా ఫోన్‌లో ముత్తవ్వకు చెప్పాడు. “పిల్లలు లేవంగనే వస్తనే. జర ఓపిక వట్టు.”

“మంచిపని జేసినవయ్యా,” అంది ఆమె సన్నగా. “దానికైన నువ్వున్నవు.”

ఆమె ఓపిక పట్టలేకపోయింది. శుక్రవారం బామ్మర్ది వీడియోలో చితి చూపించాడు. దేవన్న తోట గట్టు మీద కూర్చుని చూశాడు. అక్కడినుంచి పిట్ట కనబడుతూనే ఉంది.

తర్వాతి వారం వన్యప్రాణుల ఆఫీసు నుంచి పశువుల డాక్టరు వచ్చాడు. పిట్టను మెల్లగా జరిపి, ఒక్కో గుడ్డూ ఎండకు ఎత్తి చూసి, మళ్ళీ గూట్లో పెట్టేశాడు. దేవన్న భుజం తట్టాడు.

“బాగా కాపాడావు. కానీ ఇవి మొదటినుంచీ మురిగిన గుడ్లే. పాపం, దానికి తెలియక కూర్చుంది.”